గల్లాపెట్టెలో సగం వాటా: తొలినాటి నాణెం యంత్రాల వెనుక ఉన్న ఆపరేటర్ కథ

నాణెం వేస్తే పాట పాడే పెట్టె, నాణెం వేస్తే బరువు చెప్పే తూకం, నాణెం వేస్తే బంతి దొర్లించుకునే ఆట బల్ల. వీటి చరిత్ర రాసేవారు సాధారణంగా కనిపెట్టినవారి పేర్లతో మొదలుపెట్టి, యంత్రాల అందచందాలను వర్ణించి ఊరుకుంటారు. ఈ వ్యాపారం నిజంగా ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే మాత్రం ముందుగా ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి. ఆ యంత్రం ఎవరి సొత్తు? తయారుచేసిన కంపెనీదా, లేక అది నిలబడి ఉన్న బారు యజమానిదా? ఈ వ్యాపారం వేళ్లూనుకున్న అమెరికాలో 1890ల నుంచి 1950ల దాకా చాలా సందర్భాల్లో అది ఆ ఇద్దరిదీ కాదు, మూడో మనిషిది. వ్యాపార పరిభాషలో అతన్ని ఆపరేటర్ అనేవారు. మన ఊళ్లలో కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో కార్యక్రమాలు తీసేవారు వేరు, టీవీ ఉన్న ఇంటివారు వేరు, మధ్యలో తీగ లాగి నెలనెలా గడపగడపకూ తిరిగి డబ్బు వసూలు చేసుకునే ఆపరేటర్ వేరు. నాణెం యంత్రాల ఆపరేటరుదీ ఇంచుమించు అటువంటి స్థానమే. కాకపోతే ఇతను డబ్బు తీసుకోవడమే కాదు, వచ్చినదానిలో సగం ఆ చోటు యజమానికి లెక్కపెట్టి ఇచ్చి రావాలి.

నాణెం పడితే పని చేసే పరికరం అన్న ఆలోచన చాలా పాతది. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో, ఆలయంలో నాణెం బరువుకు మీట వంగి కాసిని పవిత్ర జలాలు విడిచే పాత్రను వర్ణించాడు. వ్యాపారంగా చూస్తే మాత్రం కథ 1880లలోనే మొదలవుతుంది. లండన్‌లో పెర్సివల్ ఎవరిట్ పోస్టుకార్డులు అమ్మే యంత్రాలు పెట్టాడు. 1888లో థామస్ ఆడమ్స్ కంపెనీ న్యూయార్క్‌లో వీధులకు ఎత్తున వంతెనల మీద నడిచే ఎలివేటెడ్ రైలు ప్లాట్‌ఫారాల మీద చూయింగ్ గమ్ యంత్రాలు నిలబెట్టింది. సరుకు అమ్మే ఈ యంత్రాలలో పెద్ద చిక్కుముడులేమీ లేవు. గమ్ కంపెనీకి యంత్రం కూడా ఒక దుకాణమే. అసలు చిక్కు సరుకేమీ ఇవ్వకుండా కాసేపటి కాలక్షేపాన్ని అమ్మిన యంత్రాలతో వచ్చింది.

దానికి నాంది ఒక విఫల వ్యాపారం. గొంతును, పాటను రికార్డు చేసి మళ్లీ వినిపించే ఎడిసన్ ఫోనోగ్రాఫును 1880ల చివరలో ఆఫీసుల్లో ఉత్తరాలు చెప్పి రాయించుకునే పరికరంగా అద్దెకు ఇవ్వడానికి జెస్సీ లిప్పిన్‌కాట్ నార్త్ అమెరికన్ ఫోనోగ్రాఫ్ కంపెనీని పెట్టి, దాని కింద ప్రాంతాలవారీగా స్థానిక కంపెనీలకు హక్కులు పంచి ఇచ్చాడు. ఏడాదికి 40 డాలర్ల అద్దె. ఆఫీసుల వారికి యంత్రం నచ్చలేదు, స్టెనోగ్రాఫర్లకు అసలే గిట్టలేదు. గోదాములో పడి ఉన్న ఫోనోగ్రాఫులను ఏం చేసుకోవాలో తెలియక తల పట్టుకున్నవారిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని పసిఫిక్ ఫోనోగ్రాఫ్ కంపెనీని నడిపే లూయిస్ గ్లాస్ ఒకడు. అతను 1889 నవంబర్ 23న పలే రాయల్ అనే సెలూనులో, అంటే మద్యశాలలో, బ్యాటరీతో నడిచే ఒక ఫోనోగ్రాఫును పెట్టెలో బిగించి పెట్టాడు. దానికి డాక్టరు స్టెతస్కోపు గొట్టాల వంటివి నాలుగు ఉండేవి. ఒక్కొక్క గొట్టానికి విడిగా నాణెం వేసే కంత ఉండేది. ఐదు సెంట్ల నికెల్ నాణెం వేసినవాడికే ఆ గొట్టంలో పాట వినిపిస్తుంది, పక్కవాడు వినాలంటే తన నాణెం తాను వేసుకోవాలి. అంటే ఒకే పాట ఒక్కసారి తిరిగితే నాలుగు నాణేలు వసూలు కావచ్చు. ఆరు నెలలు తిరగకుండానే ఆ ఒక్క యంత్రం వెయ్యి డాలర్లు దాటి సంపాదించింది. 40 డాలర్ల వార్షిక అద్దె పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, 1890లో జరిగిన స్థానిక ఫోనోగ్రాఫ్ కంపెనీల సమావేశంలో గ్లాస్ చెప్పిన లెక్కలను మిగిలినవారు ఎంత శ్రద్ధగా విని ఉంటారో ఊహించుకోవచ్చు. తన యంత్రం వినోదానికి పనికిరావడం ఎడిసన్‌కు ఏమంత రుచించలేదు గానీ, అతని కంపెనీలను ఆ రోజుల్లో నిలబెట్టినవి మాత్రం ఆ నికెళ్లే.

ఇక్కడ గమనించవలసింది గ్లాస్ ఆ యంత్రాన్ని సెలూను యజమానికి అమ్మలేదన్న సంగతి. అమ్మి ఉంటే ఒక్కసారి లాభం వచ్చేది. పెట్టి ఉంచితే ప్రతి పాటకూ వాటా వస్తుంది. సెలూను యజమాని వైపు నుంచి చూసినా కొనుక్కోవడంలో అర్థం లేదు. యంత్రం చెడిపోతే బాగుచేయడం అతనికి చేతకాదు, పైగా రోజూ వచ్చే పదిమందికీ ఆ వింత కొన్ని వారాల్లో పాతబడుతుంది. వింత పాతబడటమే ఈ వ్యాపారాన్ని నడిపిన అసలు సూత్రం. ఒక చోట పాతబడిన యంత్రం పక్క పేటలో కొత్తదే కదా. పది చోట్లను చేతిలో పెట్టుకుని, యంత్రాలను వాటి మధ్య మారుస్తూ ఉండగలిగినవాడికి ప్రతి యంత్రమూ పదిసార్లు కొత్తదవుతుంది. ఒకే దుకాణానికి అతుక్కుపోయిన యజమానికి ఆ వెసులుబాటు లేదు, ఎక్కడో ఫ్యాక్టరీలో కూర్చున్న తయారీదారుకు అంత ఓపిక ఉండదు. వారిద్దరి మధ్య ఉన్న ఆ ఖాళీలోనే ఆపరేటర్ పుట్టాడు.

తయారీదారు తానే ఆపరేటర్ కూడా అయితే ఏమవుతుందన్నదానికి చార్లెస్ ఫే మంచి ఉదాహరణ. జర్మనీలోని బవేరియాలో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన ఈ మెకానిక్ 1890లలో లిబర్టీ బెల్ అనే జూద యంత్రాన్ని తయారుచేశాడు. లోపల మూడు చక్రాలు, వాటి మీద గుర్రపు నాడా, నక్షత్రం, ఇస్పేటు, డైమన్, ఆఠీన్, గంట గుర్తులు. ఒక్కో చక్రానికి పది స్థానాలు, కాబట్టి మొత్తం వెయ్యి కలయికలు. మూడు గంటలు ఒకే వరుసలో పడితే 50 సెంట్లు, అంటే వేసిన నాణేనికి పదింతలు. అంతకుముందు ఉన్న పేకాట యంత్రాలు గెలుపును చూపించేవే తప్ప డబ్బు ఇవ్వలేకపోయేవి, బారు మనిషి లేచి వచ్చి సిగారో బీరో ఇవ్వాల్సి వచ్చేది. ఫే యంత్రం తానే లెక్క చూసుకుని తానే చెల్లించేది. ఫే దీన్ని ఎవరికీ అమ్మకుండా, నగరంలోని సెలూన్లలో తానే పెట్టుకుని రాబడిని సగం సగం పంచుకునేవాడు. ఆ రోజుల్లో న్యాయస్థానాలు జూద పరికరాలకు పేటెంటు రక్షణ ఇవ్వడానికి ఒప్పుకునేవి కావు గనుక, యంత్రం లోపలి రహస్యాన్ని కాపాడుకోవడానికి అతనికి ఉన్న దారి కూడా అదొక్కటే. చికాగోకు చెందిన మిల్స్ నావెల్టీ కంపెనీ వంటివి కొంటామన్నా అతను ఒప్పుకోలేదు. చివరికి 1905లో పావెల్ వీధిలోని ఒక సెలూను నుంచి ఒక లిబర్టీ బెల్ మాయమైంది. ఏడాది రెండేళ్లలోనే మిల్స్ కంపెనీ అదే పేరుతో, అదే పనితీరుతో తన యంత్రాన్ని మార్కెట్లోకి దింపింది. మధ్యలో 1906 ఏప్రిల్ 18 నాటి భూకంపం ఫే వర్క్‌షాపును నేలమట్టం చేసింది.

ఈ దొంగతనం కథను చాలామంది కబుర్లాగా చెప్పుకుంటారు గానీ, దీని వెనుక ఒక వ్యాపార నియమం ఉంది. తయారుచేసినవాడే యంత్రాలను తిప్పుకుంటే అతని వ్యాపారం అతను స్వయంగా తిరగగలిగినంత మేరకే, అంటే ఒక నగరానికే పరిమితమవుతుంది. అమ్మేవాడికి దేశమంతా మార్కెట్టే. మిల్స్ యంత్రాలు కొన్నవాళ్లు వాటిని తమ తమ ఊళ్లలో తిప్పుకున్నారు. అక్కడి నుంచి ఈ రంగంలో పనుల విభజన దాదాపు స్థిరపడిపోయింది. ఫ్యాక్టరీ తయారుచేస్తుంది, డిస్ట్రిబ్యూటరు ప్రాంతానికి తెస్తాడు, ఆపరేటరు కొని చోట్లు వెతికి పెడతాడు, దుకాణదారు నిలబడటానికి చోటు, గోడలో ఒక ప్లగ్గు ఇస్తాడు. తరువాతి కాలంలో చాలా తయారీ కంపెనీలు దుకాణాలకు నేరుగా అమ్మకపోవడాన్ని ఒక మర్యాదగా పాటించాయి. తమ కొనుగోలుదారు పొట్ట తామే కొట్టకూడదన్నదే దాని వెనుక ఉన్న లెక్క.

ఈ ఏర్పాటులో ఒక మౌలికమైన ఇబ్బంది ఉంది. సొత్తు యజమాని ఎప్పుడూ సొత్తు దగ్గర ఉండడు. డబ్బంతా చిల్లర నాణేలే, రసీదు ఉండదు, సాక్షి ఉండడు. నా ఉద్దేశంలో తొలినాటి యంత్రాల నిర్మాణంలో మనకు చమత్కారంగా కనిపించే చాలా భాగాలు ఈ ఇబ్బందికి సమాధానంగా పుట్టినవే. సీసం బిళ్లలను, ఇనుప వాషర్లను నాణేలుగా వేసి మోసం చేసేవాళ్లు మొదటి రోజు నుంచే ఉన్నారు. అందుకే నాణెం దారిలో ఇనుమును పట్టుకునే అయస్కాంతం, బరువును, వ్యాసాన్ని చూసి తోసేసే మీటలు వచ్చాయి. కొన్ని యంత్రాల్లో చివరగా వేసిన నాణెం గాజు కిటికీ వెనుక అందరికీ కనబడేలా ఉండేది. దొంగబిళ్ల వేసినవాడి మొహం బారు మనిషికి గుర్తుండాలని ఆ ఏర్పాటు. వాలుగా ఉన్న బల్ల మీద బంతిని దొర్లించి ఆడే పిన్‌బాల్ బల్లలను ఆటగాళ్లు కింద నుంచి గుద్ది బంతిని తమకు కావలసిన కన్నంలోకి నెట్టుకోవడం చూసిన హ్యారీ విలియమ్స్, మొదట బల్ల అడుగున మేకులు పైకి రాకుండా కిందికి పొడుచుకువచ్చేలా కొట్టించాడు. చేతులు గాయపడతాయి గానీ ఆట ఆగదని తెలిశాక, బల్లను కదిపితే ఆటే ఆగిపోయే పరికరాన్ని పెట్టాడు. పిన్‌బాల్ ఆడినవారందరికీ తెలిసిన టిల్ట్ అదే. కాపలాకు మనిషి లేని చోట యంత్రమే కాపలా కాసుకోవాలి.

వసూలు రోజు ఎలా ఉండేదో చూస్తే ఈ సంబంధం మరింత స్పష్టపడుతుంది. నాణెం వేస్తే రికార్డు పాట వినిపించే పెట్టె, అంటే జూక్‌బాక్సు, ఆపరేటరు సాధారణంగా వారానికో, రెండు వారాలకో ఒకసారి వచ్చేవాడు. పెట్టె తాళం తీసి, లోపలి నాణేల డబ్బాను బారు బల్ల మీద యజమాని కళ్లెదుటే గుమ్మరించేవాడు. ఇద్దరూ కలిసి నికెళ్లను దొంతరలుగా పేర్చి లెక్కపెట్టి, సగం ఇటు సగం అటు జరుపుకునేవారు. నాణేల్లో ఎర్రటి గోళ్ల రంగు పూసినవి కొన్ని ఉండేవి. ఉదయం బారు తెరిచాక నిశ్శబ్దంగా ఉంటే గిరాకీ రాదని యజమాని తానే వేసి పాట పెట్టించిన నాణేలవి. వాటిని పంపకంలో కలపకుండా ఏరి వెనక్కి ఇవ్వడం ఆనవాయితీ. లెక్క అయ్యాక ఆపరేటరు ఒక్కో రికార్డు ఎన్నిసార్లు తిరిగిందో చూపే మీటరు చూసి, ఎవరూ వేయని పాటలను తీసి కొత్తవి పెట్టి, అరిగిన సూదిని మార్చి, అద్దం తుడిచి వెళ్లేవాడు. తీసేసిన పాత రికార్డులు చవగ్గా మళ్లీ అమ్ముడయ్యేవి. పంపకం సగం సగమని పైకి అనుకున్నా, ఖరీదైన యంత్రాలు వచ్చాక చాలాచోట్ల ఆపరేటరు మొదట ఒక కనీస మొత్తాన్ని తన పెట్టుబడి కింద తీసుకుని మిగిలినదాన్ని పంచేవాడు. మంచి చోటైతే పరిస్థితి తలకిందులయ్యేది. యజమానే అడ్వాన్సో అప్పో అడిగేవాడు, ఇవ్వకపోతే మరో ఆపరేటరును పిలుస్తానని బెదిరించేవాడు. చోట్లు పోగొట్టుకోకుండా ఉండటానికి బారు యజమానులకు అప్పులిచ్చి చిన్నపాటి వడ్డీ వ్యాపారుల్లా మారిన ఆపరేటర్లు తక్కువేమీ కాదు.

ఈ రంగంలోకి మనుషులు వెల్లువలా వచ్చింది 1930ల ఆర్థిక మాంద్యంలో. వినడానికి విడ్డూరంగా ఉన్నా కారణం సులభం, పెట్టుబడి అతి తక్కువ. 1931 చివరలో చికాగోలో డేవిడ్ గాట్లీబ్ తెచ్చిన బ్యాఫుల్ బాల్ అనే చిన్న బంతి ఆట బల్ల ఖరీదు 17.50 డాలర్లు. కౌంటరు మీద పట్టేంత చిన్నది, ఒక సెంటుకు ఒక ఆట. ఆపరేటరుకు సగం వాటా అనుకుంటే 3,500 ఆటలకు అసలు తిరిగొస్తుంది, అంటే రోజుకు 175 ఆటలు పడితే ఇరవై రోజులు. ఉద్యోగం పోయి కొద్దిపాటి పొదుపు మిగిలిన మనిషికి ఇంతకన్నా దగ్గరి దారి అప్పుడు లేదు. ఆ యంత్రాలు సుమారు 50,000 దాకా అమ్ముడయ్యాయి. గాట్లీబ్ ఆర్డర్లకు తగినన్ని తయారుచేయలేకపోవడంతో, అతని బల్లలు అమ్మిపెడుతున్న రేమండ్ మోలొనీ తానే బ్యాలీహూ అనే బల్లను తయారుచేయించాడు. బ్యాలీ కంపెనీకి ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. తయారీ, పంపిణీ రెండూ చికాగో చుట్టూ ముడిపడటం కూడా ఈ కాలంలోనే. మిల్స్, గాట్లీబ్, బ్యాలీ, సీబర్గ్, రాకోలా అన్నీ ఆ నగరపు కంపెనీలే.

సంగీతం వైపు కథ ఇంకొంచెం లోతైనది. 1927లో ఎలక్ట్రిక్ ఆంప్లిఫయరుతో, పాటలు ఎంచుకునే వీలుతో ఏఎంఐ కంపెనీ యంత్రం రావడంతో, గొట్టం చెవిలో పెట్టుకునే కాలం పోయి గది నిండా వినిపించే కాలం వచ్చింది. 1933 డిసెంబరులో మద్యనిషేధం ఎత్తివేయగానే వేలాది బార్లు మళ్లీ తెరుచుకున్నాయి. వాటిలో వాద్యబృందాన్ని పోషించే స్తోమత ఉన్నవి కొన్నే. అదే సమయంలో ఇళ్లలో రికార్డులు కొనేవారు దాదాపు కనుమరుగయ్యారు. రేడియో ఉచితంగా వస్తుంటే మాంద్యంలో రికార్డుకు డబ్బెవరు పెడతారు? ఆ లోటును పూడ్చినవారు జూక్‌బాక్సు ఆపరేటర్లు. ఒక్కొక్కరు పదుల కొద్దీ పెట్టెలకు వారం వారం కొత్త రికార్డులు కొంటూ ఉంటే, రికార్డు కంపెనీలకు వాళ్లే అతిపెద్ద, అతి నమ్మకమైన ఖాతాదారులయ్యారు. ఏ పాట ఎన్నిసార్లు పడిందో మీటరు చెబుతుంది కాబట్టి, జనం రుచిని నాణేల్లో కొలవగలిగిన తొలి వర్గం కూడా వాళ్లే. రేడియో స్టేషన్లు పెద్దగా పట్టించుకోని నల్లజాతివారి పాటలు, దక్షిణాది గ్రామీణుల పాటలు జూక్‌బాక్సులలో ధారాళంగా తిరిగాయి. ఆపరేటరుకు పాట ఎవరిదన్న పట్టింపు లేదు, పేటలో నికెళ్లు రాలితే చాలు. 1944లో బిల్‌బోర్డ్ పత్రిక గ్రామీణ సంగీతంలో ఎక్కువగా వినిపించే పాటల మొదటి జాబితా వేసినప్పుడు దాన్ని జూక్‌బాక్సుల లెక్కల మీదే ఆధారపడి వేసింది.

అయితే ఈ పాటలు రాసినవారికి ఆ నికెళ్లలో పైసా కూడా దక్కలేదు. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం, ప్రవేశ రుసుము లేని చోట నాణెం యంత్రం పాడే పాటను లాభం కోసం చేసే బహిరంగ ప్రదర్శనగా పరిగణించరాదని స్పష్టంగా మినహాయించింది. ఆ చట్టం చేసినప్పుడు ఆ యంత్రాలు పిల్లల ఆటవస్తువుల స్థాయివి. 1930లకల్లా అవి ఒక పరిశ్రమ అయినా మినహాయింపు కదలలేదు. రచయితల సంఘాలు దశాబ్దాల పాటు పోరాడాయి. ప్రతిసారీ ఆపరేటర్లు తాము చిన్న వ్యాపారులమని, రికార్డు కొన్నప్పుడే రచయిత వాటా అందులో కలిసి ఉందని వాదించి గట్టెక్కారు. వారి వాదనలో కొంత నిజం లేకపోలేదు గానీ, లక్షల పెట్టెలు ఉన్న రంగం అలా అనడం నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది. చివరికి 1976 చట్టం ఆ మినహాయింపును తీసేసి, పెట్టెకు ఏడాదికి 8 డాలర్ల లైసెన్సు రుసుము విధించింది.

జూదం మాట వచ్చేసరికి చట్టం ఇంత ఉదారంగా లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో 1909లో, కాలిఫోర్నియా రాష్ట్రం 1911లో స్లాట్ యంత్రాలను, అంటే లిబర్టీ బెల్ వంటి జూద యంత్రాలను, నిషేధించాయి. ఆ నిషేధాలను తప్పించుకోవడానికే గమ్ యంత్రాల వేషం పుట్టింది. ప్రతి నాణేనికీ ఒక గమ్ ముక్క ఇస్తే అది జూదం కాదు, అమ్మకమే అని వాదించవచ్చు. చెర్రీ, నిమ్మ, ప్లమ్ పండ్ల బొమ్మలు అలా గమ్ రుచుల పేరుతో చక్రాల మీదికి వచ్చి, గమ్ పోయాక కూడా నేటిదాకా నిలిచిపోయాయి. పిన్‌బాల్‌కూ ఇదే తిప్పలు. 1933 నుంచి డబ్బు చెల్లించే పిన్‌బాల్ బల్లలు కొన్ని రావడంతో మొత్తం ఆటకే జూదపు ముద్ర పడింది. డబ్బుకు బదులు ఉచిత ఆటలు ఇవ్వడం మొదలుపెడితే, ఉచిత ఆట కూడా విలువైన వస్తువేనా కాదా అని కోర్టులు రాష్ట్రానికో తీర్పు చెప్పాయి. 1942 జనవరిలో న్యూయార్క్ మేయర్ లాగార్డియా పిన్‌బాల్‌ను నిషేధించి, సమ్మెటతో యంత్రాలు పగలగొట్టే ఫోటోలు తీయించుకున్నాడు. ఆ నగరంలో నిషేధం 1976 దాకా నడిచింది. అక్కడ రోజర్ షార్ప్ అనే యువకుడు నగర మండలి సభ్యుల ఎదుట బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి, అలాగే కొట్టి చూపి, ఇది అదృష్టం కాదు నైపుణ్యమని ఒప్పించాల్సి వచ్చింది.

నేరగాళ్లు ఈ రంగంలోకి రావడానికి యంత్రాల్లో ఏదో దుర్గుణం ఉండటం కారణం కాదు. రసీదు లేని చిల్లర డబ్బు, పరిమితమైన మంచి చోట్లు, ఒక చోట ఒకరి యంత్రమే ఉండాలన్న పట్టు, ఈ మూడూ కలిసిన చోట కండబలం ఉన్నవాడికి లాభం ఉంటుంది. న్యూయార్క్‌లో ముఠా నాయకుడు ఫ్రాంక్ కాస్టెల్లో వేల స్లాట్ యంత్రాలు నడిపాడు. 1934లో లాగార్డియా వాటిని సముద్రంలో ముంచేయించగా, కాస్టెల్లో మిగిలిన వ్యాపారాన్ని లూసియానాకు తరలించాడు. 1950ల చివరలో సెనేటర్ మెక్‌క్లెలన్ అధ్యక్షతన, రాబర్ట్ కెనెడీ ప్రధాన న్యాయవాదిగా నడిచిన సెనేట్ విచారణలో జూక్‌బాక్సు రంగం మీద వచ్చిన సాక్ష్యాల్లో ఒక పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆపరేటర్లు ఒక సంఘంలో చేరి నెలనెలా చందా కట్టాలి, ప్రతి పెట్టె మీదా యూనియన్ స్టిక్కరు అంటించుకోవాలి, లేనివాడి యంత్రం ఉన్న బారు ముందు గిరాకీని లోపలికి పోనివ్వకుండా నిలబడే పికెటింగ్ మొదలవుతుంది. బెదిరింపులకు గురైనవారిలో ఎక్కువమంది రేడియో రిపేర్లు నేర్చుకుని ఈ పనిలోకి వచ్చిన మామూలు మనుషులు. ఆపరేటర్లంతా ముఠాలేనన్న ప్రచారం వారికి రెండు విధాలా నష్టం చేసింది. ముఠాలు డబ్బు గుంజితే, పోలీసులు వారినే అనుమానించారు.

మనవారిలో చాలామందికి ఈ వ్యాపారంతో పరిచయం రైల్వే ప్లాట్‌ఫారం మీదే. రంగురంగుల బల్బులు వెలిగి ఆరుతూ, గాజు వెనుక చక్రం తిరుగుతూ ఉండే బరువు యంత్రం, నాణెం వేస్తే ఒకవైపు బరువు, మరోవైపు జాతకం అచ్చేసిన చిన్న అట్టముక్కను కిందికి వదిలేది. సినిమా తారల బొమ్మలున్న ఆ టికెట్లను పిల్లలు దాచుకునేవారు. అక్కడ కూడా స్టేషను రైల్వేలదే అయినా యంత్రాన్ని నడిపేవారు, తాళం తీసి చిల్లర సంచిలో వేసుకునేవారు వేరే ఉండేవారు.

తయారీదారు, ఆపరేటరు మళ్లీ ఒకరే అయిన సందర్భం కాలిఫోర్నియాలోనే మరోసారి వచ్చింది. 1972లో అటారీ కంపెనీ మొదలైనప్పుడు దాని రోజువారీ ఖర్చులకు ఆధారం చుట్టుపక్కల బార్లలో తాను నడుపుకునే పిన్‌బాల్ బల్లల సగం వాటా. తమ కొత్త వీడియో ఆట పాంగ్‌ను ప్రయత్నించి చూడటానికి వారు ఎంచుకున్నది తమకు అప్పటికే యంత్రాలున్న సన్నీవేల్‌లోని ఒక బారే. కొద్ది రోజులకే యంత్రం ఆగిపోయిందని ఫోను వచ్చింది. వెళ్లి తెరిచి చూస్తే లోపలి డబ్బా నిండిపోయి, నాణెం దిగడానికి చోటు లేక యంత్రం మొరాయించింది. ఆ ఆటను బ్యాలీకి ఇచ్చేద్దామనుకున్న అటారీ మనసు మార్చుకుని తానే తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. కొన్నవారు మళ్లీ ఆ పాత ఆపరేటర్లే.